రోడ్డు మీద తిరిగే హాట్ రాడ్‌కు కార్బురేటర్: ఎంపిక నుంచి ట్యూనింగ్ వరకు

1932 ఫోర్డ్ కూపే అయినా, 1950ల నాటి షెవర్లే పికప్ అయినా, అమెరికా రోడ్ల మీద తిరుగుతున్న హాట్ రాడ్‌లలో (వేగం కోసం ఇంజిన్, ఇతర భాగాలు మార్చుకున్న పాత బండ్లలో) చాలా వాటి బానెట్ ఎత్తితే కనిపించేది షెవర్లే 350 స్మాల్ బ్లాక్ వీ8 ఇంజిన్. 350 అంటే క్యూబిక్ అంగుళాలు, మన లెక్కలో సుమారు 5.7 లీటర్లు. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఇంజిన్ ఓపికైనది, ఎన్ని ప్రయోగాలు చేసినా తట్టుకుంటుంది. ఈ మార్గదర్శికి దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ కంపెనీ వేసినదానికన్నా కాస్త పదునైనది, మిశ్రమాన్ని సిలిండర్లకు చేర్చే ఇన్‌టేక్ మానిఫోల్డ్ డ్యూయల్ ప్లేన్ రకం (లోపల రెండు అరలుగా విడిపోయినది), గేర్‌బాక్స్ ఆటోమేటిక్, పోసేది బంకులో దొరికే మామూలు పెట్రోలు అనుకుందాం. మీది ఫోర్డ్ 302 అయినా, క్రైస్లర్ 360 అయినా అంకెలు మారతాయి గాని పని వరస మారదు.

పాత బుల్లెట్ మీద కార్బురేటర్ విప్పి జెట్ ఊది బిగించినవారికి ఇక్కడి నాలుగు బ్యారెళ్ల (గాలి పోయే గొంతుల) కార్బురేటర్ కొత్తగా అనిపించదు. ఫ్లోట్, జెట్ (పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రం), చోక్, మిక్చర్ స్క్రూ, అన్నీ తెలిసినవే. సంఖ్య పెరిగింది, వాటి మధ్య పొత్తు కాస్త చిక్కుపడింది, అంతే.

ముందే ఒక మాట గట్టిగా చెబుతాను. రోడ్డు మీద సతాయించే హాట్ రాడ్‌లను పరీక్షిస్తే ఎక్కువగా బయటపడే కారణాలు రెండు: అవసరానికి మించిన కార్బురేటర్, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం) చూడకుండానే జెట్ల జోలికి పోవడం. ఈ రెండూ తప్పించుకుంటే మిగిలిన పని ఓపికతో అయిపోతుంది.

ఎంత గాలి కావాలి?

కార్బురేటర్ సైజును సీఎఫ్ఎం అనే కొలతలో చెబుతారు. నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి దాని గుండా పోగలదన్నది దాని అర్థం. మీ ఇంజిన్‌కు ఎంత కావాలో కాగితం మీద లెక్కవేయవచ్చు. ఇంజిన్ క్యూబిక్ అంగుళాలను గరిష్ఠ ఆర్‌పీఎంతో గుణించి, 3456తో భాగించాలి. ఆ 3456 ఎక్కడిదంటే, ఒక ఘనపు అడుగులో 1728 ఘనపు అంగుళాలు ఉంటాయి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారే గాలి పీలుస్తుంది కాబట్టి దానికి రెట్టింపు.

350ని 5500తో గుణించి 3456తో భాగిస్తే 557 వస్తుంది. సిలిండర్లు ప్రతిసారీ నిండుగా గాలి పీల్చుకోలేవు. మామూలు రోడ్డు ఇంజిన్‌కు 85 శాతం అనుకుంటే 473 సీఎఫ్ఎం. హెడ్లు మంచివి వేసి 6000 ఆర్‌పీఎం దాకా తిప్పినా, 90 శాతం నిండుతుందనుకున్నా, లెక్క 547 దగ్గరే ఆగుతుంది. అంటే 600 సీఎఫ్ఎం కార్బురేటర్ ఈ ఇంజిన్‌కు సరిపోగా ఇంకా మిగులుతుంది. అయినా 750 బిగించాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది. 383 స్ట్రోకర్ (స్ట్రోకు పొడవు పెంచి 383 క్యూబిక్ అంగుళాలు చేసిన ఇంజిన్) కట్టి, అరలు లేని సింగిల్ ప్లేన్ మానిఫోల్డ్ వేసి, 6500 ఆర్‌పీఎం దాకా తిప్పేవారికి ఆ 750 న్యాయమే. సాయంత్రం కుటుంబాన్ని ఎక్కించుకుని ఐస్‌క్రీముకు వెళ్లే బండికి కాదు.

పెద్దది వేస్తే నష్టమేమిటి? కార్బురేటర్ లోపలి సన్నని గొంతు పేరు వెంచురీ. గాలి అక్కడ వేగం పుంజుకుంటుంది, వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది, ఆ తగ్గిన పీడనమే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలును పైకి లాగుతుంది. కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టం సన్నగా ఉంటేనే గాలి నిప్పుకు జోరుగా తగులుతుంది కదా, ఇక్కడా అదే సంగతి. గొంతు వెడల్పయితే తక్కువ వేగాల్లో గాలి నీరసంగా పోతుంది, పెట్రోలు తుంపర్లుగా చీలకుండా బొట్లు బొట్లుగా పడుతుంది. సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు బండి దగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. రోడ్డు బండి జీవితమంతా గడిచేది ఆ తక్కువ వేగాల్లోనే.

అంకెలు పోల్చేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోండి. నాలుగు బ్యారెళ్ల కార్బురేటర్లను 1.5 అంగుళాల పాదరసం పీడన తేడా దగ్గర కొలుస్తారు, రెండు బ్యారెళ్ల వాటిని 3 అంగుళాల దగ్గర. కనుక 500 అని రాసిన రెండు బ్యారెళ్ల కార్బురేటర్‌ను నాలుగు బ్యారెళ్ల కొలతలోకి తేవాలంటే 1.414తో భాగించాలి. నిజంగా మిగిలేది సుమారు 354.

ఏది కొనాలి?

హోలీ వారి 600 సీఎఫ్ఎం, వ్యాక్యూమ్ సెకండరీలున్న (గాలి పీల్పుతో తెరుచుకునే వెనుక బ్యారెళ్లున్న) 4160 రకం ఈ ఇంజిన్‌కు చక్కని జోడీ. మామూలు డ్రైవింగ్‌లో ముందున్న రెండు బ్యారెళ్లే (ప్రైమరీలు) పనిచేస్తాయి. ఇంజిన్ నిజంగా గాలి అడిగినప్పుడు వెనుక రెండూ వాటంతటవే తెరుచుకుంటాయి. అంటే కార్బురేటర్ తన సైజును తానే సర్దుకుంటుంది. మెకానికల్ సెకండరీలున్న డబుల్ పంపర్ రకంలో పెడల్ నొక్కినంత మేరా అవి తెరుచుకోక తప్పదు. తేలికైన బండి, మాన్యువల్ గేర్‌బాక్స్, గట్టి వెనుక యాక్సిల్ రేషియో ఉంటే అది బాగుంటుంది. బరువైన బండికీ, ఆటోమేటిక్‌కూ నేను సిఫారసు చేయను.

ఎడెల్‌బ్రాక్ పెర్ఫార్మర్ కార్బురేటర్ల వంశం వేరు. అవి 1957లో వచ్చిన కార్టర్ ఏఎఫ్‌బీ డిజైన్ మీద తయారైనవి. 600 సీఎఫ్ఎంలో 1405కు చేతి చోక్, 1406కు ఎలక్ట్రిక్ చోక్ ఉంటాయి. 1406 ఫ్యాక్టరీ నుంచే కాస్త తక్కువ పెట్రోలు ఇచ్చేలా వస్తుంది. ఈ రకంలో గిన్నెలకు పెట్రోలు మట్టం కన్నా కింద గ్యాస్కెట్లు ఉండవు కాబట్టి కారడం అరుదు. మీటరింగ్ రాడ్లు (జెట్లలోకి దిగి పెట్రోలును సర్దే సన్నని కడ్డీలు) మార్చడానికి ఒక్కో పక్క ఒక్క చిన్న స్క్రూ వదులు చేస్తే చాలు, మూత విప్పనక్కరలేదు. మొదటిసారి ట్యూనింగ్‌కు దిగేవారికి నేను దీన్నే చూపిస్తాను. చిట్టచివరి హార్స్‌పవర్ కోసం వేటాడేవారికి హోలీలో మార్చుకునే వీలున్న భాగాలు ఎక్కువ.

1965లో మొదలైన రోచెస్టర్ క్వాడ్రాజెట్‌ను పాతదని తీసిపారేయకండి. దాని ప్రైమరీలు చిన్నవి, సెకండరీలు చాలా పెద్దవి. సరిగ్గా పునరుద్ధరించినది దొరికితే మైలేజీ, పికప్ రెండూ ఇస్తుంది. కాకపోతే దానికి తగిన స్ప్రెడ్ బోర్ (ముందు చిన్న, వెనుక పెద్ద రంధ్రాలున్న) మానిఫోల్డ్ ఉండాలి.

ఫోర్డ్ పాత ఫ్లాట్‌హెడ్ ఇంజిన్ మీద స్ట్రామ్‌బర్గ్ 97 కార్బురేటర్లు వరసగా నిలబెట్టాలన్న మోజు ఉన్నవారు కూడా ఉంటారు. వెంచురీ వెడల్పు 0.97 అంగుళం కావడంతో వాటికి ఆ పేరు వచ్చింది. చూడముచ్చటగా ఉంటాయి. వాటికి పెట్రోలు ఒత్తిడి 2.5 నుంచి 3 పీఎస్ఐ దాటకూడదు. మూడు వేస్తే మామూలుగా మధ్యదాని మీదే నడిచి, పెడల్ లోతుగా నొక్కినప్పుడే మిగిలినవి కలిసే ప్రోగ్రెసివ్ లింకేజీ వాడండి.

బిగించే ముందు

మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి. ఇంజిన్ తిప్పుతుండగా కార్బురేటర్ గొంతులోకి ముఖం పెట్టి చూడకండి. ఎదురు మంట వస్తే కనురెప్పలతో ఆగదు.

పెట్రోలు పంపు ఒత్తిడిని గేజీ పెట్టి కొలవండి. హోలీకి 5 నుంచి 7 పీఎస్ఐ నడుస్తుంది. ఎడెల్‌బ్రాక్‌కు 5.5 దగ్గర ఉంచడం మేలు, 6.5 దాటితే సూది వాల్వు ఆగలేక గిన్నె పొంగుతుంది. ఎలక్ట్రిక్ పంపు ఉంటే రెగ్యులేటర్ తప్పనిసరి. కార్బురేటర్‌కు ముందు కొత్త ఫిల్టర్ వేయండి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తుంది కనుక పాత రబ్బరు గొట్టాలు లోపలినుంచి కరిగి రాలుతాయి. వాటిని ఇథనాల్‌కు తట్టుకునే వాటితో మార్చేయండి.

ఎలక్ట్రిక్ చోక్‌కు తాళం తిప్పినప్పుడే వచ్చే పూర్తి 12 వోల్టుల తీగ ఇవ్వాలి. ఇగ్నిషన్ కాయిల్ తీగ నుంచి లాగితే చోక్ నెమ్మదిగా తెరుచుకుంటుంది, కాయిల్ కూడా నీరసిస్తుంది.

మీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ 700ఆర్4 అయితే ఇంకొంచెం ఆగండి. థ్రాటిల్ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే టీవీ (థ్రాటిల్ వాల్వు) కేబుల్, లోపలి క్లచ్చులకు అందే ఆయిల్ ఒత్తిడిని నిర్ణయిస్తుంది. కార్బురేటర్ మార్చినప్పుడు ఆ కేబుల్ లాగే కోణం మారుతుంది. సరైన బ్రాకెట్ వేసి, పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు కేబుల్ చివరిదాకా లాగబడేలా సర్దకపోతే క్లచ్చులు కాలిపోతాయి. కార్బురేటర్ ఖర్చుకు ఎన్నో రెట్లు గేర్‌బాక్స్‌కు పెట్టాల్సి వస్తుంది.

నాలుగు నట్లనూ ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. ఒక మూల గట్టిగా బిగిస్తే కింది పలక వంగి థ్రాటిల్ పట్టేస్తుంది. పెడల్‌ను ఒకరు పూర్తిగా నొక్కగా, ఇంకొకరు థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుందో లేదో చూడాలి. వెనక్కి లాగే స్ప్రింగులు రెండు ఉండాలి, ఒకటి తెగినా రెండోది కాపాడుతుంది.

మొదట ఇగ్నిషన్, తర్వాతే కార్బురేటర్

కార్బురేటర్ మీద వేసే నిందల్లో చాలావరకు ప్లగ్గులకు నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్‌కు చెందాల్సినవి. టైమింగ్ వెనకబడి ఉంటే ఐడిల్ (పెడల్ నొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే తీరు) నిలవదు, దాన్ని నిలబెట్టడానికి థ్రాటిల్ స్క్రూ తిప్పుతారు, అక్కడినుంచి అన్నీ పక్కదారి పడతాయి.

350 స్మాల్ బ్లాక్‌కు ఐడిల్‌లో 10 నుంచి 14 డిగ్రీల టైమింగ్ పెట్టండి. డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వ్యాక్యూమ్ గొట్టం తీసి మూసేసి, ఆర్‌పీఎం పెంచుతూ చూస్తే మొత్తం టైమింగ్ 34 నుంచి 36 డిగ్రీల మధ్య ఆగాలి, అది 3000 ఆర్‌పీఎం లోపే పూర్తి కావాలి. వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పును బట్టి టైమింగ్‌ను ముందుకు జరిపే ఏర్పాటు) అక్కరలేదనేవారి మాట రోడ్డు బండి విషయంలో వినకండి. స్థిరమైన వేగంతో పోతున్నప్పుడు పలచని మిశ్రమం నెమ్మదిగా మండుతుంది, దానికి ముందుగా నిప్పు అంటించాలి. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కుతుంది, మైలేజీ తగ్గుతుంది.

ఇదే దశలో వ్యాక్యూమ్ లీకులు వెతకండి. గ్యాస్కెట్ అంచులు, బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి మానిఫోల్డ్‌కు పంపేది) గొట్టం, వాడని మూతలు, అన్నీ చూడండి. లీకు ఉన్న ఇంజిన్‌ను ట్యూన్ చేయడం సాధ్యం కాదు.

ఫ్లోట్ మట్టం

ఇది తప్పితే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. హోలీలో గిన్నె పక్కనున్న చిన్న ప్లగ్ తీసి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా చూడండి. పెట్రోలు ఆ రంధ్రం కింది అంచును తాకుతూ ఉండాలి. బయటికి కారకూడదు, కనిపించనంత కిందికీ పోకూడదు. కొత్త మోడళ్లలో అద్దం కిటికీ ఉంటుంది. ఎడెల్‌బ్రాక్‌లో మూత విప్పి, తలకిందులుగా పట్టుకుని, ఫ్లోట్‌కూ గ్యాస్కెట్‌కూ మధ్య 7/16 అంగుళం ఖాళీ ఉండేలా సర్దాలి. డ్రిల్ బిట్టును కొలతగా పెట్టుకుంటే సులువు.

ఐడిల్: అందరూ తొందరపడే చోటు

ఇక్కడ కాస్త నిదానించండి. థ్రాటిల్ పలక అంచు దగ్గర గోడలో నిలువుగా ఒక సన్నని చీలిక ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌ఫర్ స్లాట్ అంటారు. ఐడిల్ నుంచి మెయిన్ జెట్లు అందుకునే వరకు, మధ్యలో ఇంజిన్‌కు పెట్రోలు అందేది దీనిగుండానే. ఐడిల్‌లో పలక కింద ఈ చీలిక చిన్న చతురస్రం మేరకే, అంటే సుమారు 0.020 నుంచి 0.040 అంగుళం, కనిపించాలి. ఐడిల్ పెంచడానికి థ్రాటిల్ స్క్రూ ఎక్కువ తిప్పితే చీలిక బాగా బయటపడుతుంది. అప్పుడు మిక్చర్ స్క్రూలు ఎంత తిప్పినా ఇంజిన్‌లో మార్పు రాదు, పెడల్ తాకగానే బండి తడబడుతుంది. కార్బురేటర్ పాడైందని మార్చేసేవారిలో చాలామంది ఎదుర్కొన్న సమస్య ఇదే.

పద్ధతి ఇది. కార్బురేటర్ తిరగేసి పట్టుకుని చీలికను చతురస్రంగా సర్దండి. మిక్చర్ స్క్రూలను మెల్లగా చివరిదాకా బిగించి (గట్టిగా బిగిస్తే సూది మొన చెడుతుంది) ఒకటిన్నర చుట్టు వదలండి. ఇంజిన్‌ను పూర్తిగా వేడెక్కనివ్వండి, చోక్ పూర్తిగా తెరుచుకుందని చూడండి. మానిఫోల్డ్‌కు వ్యాక్యూమ్ గేజీ కలపండి. ఒక స్క్రూను ఎనిమిదో వంతు చుట్టు చొప్పున తిప్పుతూ ముల్లు ఎక్కువగా ఎక్కడికి వెళ్తుందో చూసి, రెండోదాన్నీ అంతే తిప్పండి. ఆర్‌పీఎం పెరిగితే థ్రాటిల్ స్క్రూతో తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి. చివరికి గేర్ డీలో వేసి, చక్రాలకు అడ్డుపెట్టి, బ్రేకు నొక్కి ఒకసారి సరిచూడండి.

పదునైన క్యామ్ వల్ల ఇంజిన్ ఎక్కువ గాలి కోరి, చీలిక చతురస్రంలో ఉండగా ఐడిల్ నిలవకపోతే, ముందు టైమింగ్ రెండు మూడు డిగ్రీలు పెంచండి. అదీ చాలకపోతే హోలీ కింది భాగంలో సెకండరీల ఆపు స్క్రూ ఉంటుంది. దాన్ని కొద్దిగా తిప్పి వెనుక పలకలు సన్నగా తెరిస్తే అదనపు గాలి అక్కడినుంచి అందుతుంది.

పవర్ వాల్వు, స్టెప్ అప్ స్ప్రింగులు

లోడు పడినప్పుడు అదనపు పెట్రోలు ఇచ్చే ఏర్పాటు రెండు రకాల్లోనూ ఉంది. హోలీలో అది పవర్ వాల్వు. దాని మీది 65 అంటే వ్యాక్యూమ్ 6.5 అంగుళాలకు పడిపోయినప్పుడు తెరుచుకుంటుందని. గేర్‌లో ఐడిల్ వ్యాక్యూమ్‌లో సుమారు సగం సంఖ్యను ఎంచుకోండి. 13 చూపిస్తే 6.5, 9 చూపిస్తే 4.5. ఎడెల్‌బ్రాక్‌లో అదే పని స్ప్రింగులు చేస్తాయి: నీలం 3 అంగుళాలు, పసుపు 4, నారింజ 5, గులాబీ 7, రంగు లేనిది 8. ఇక్కడా సగం సూత్రమే.

పవర్ వాల్వు తీసేసి ప్లగ్ కొట్టి, జెట్లు పెద్దవి వేయమనే సలహా మీకు ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. రేసు ట్రాక్ మీద ఎప్పుడూ పూర్తి థ్రాటిల్‌లో ఉండేవారి పద్ధతి అది. రోడ్డు బండిలో అలా చేస్తే హైవే మీద నింపాదిగా పోతున్నా అవసరానికి మించిన పెట్రోలు కాలుతూనే ఉంటుంది. ఎదురు మంట వస్తే వాల్వు పొర చిరుగుతుందన్న భయం ఒకప్పుడు నిజమే. 1992 నుంచి హోలీ కార్బురేటర్లలో దానికి రక్షణగా చెక్ వాల్వు వస్తోంది.

పెడల్ నొక్కగానే తడబాటు

థ్రాటిల్ ఒక్కసారి తెరిస్తే గాలి వెంటనే దూసుకొస్తుంది, పెట్రోలు వెనకబడుతుంది. ఆ లోటు పూడ్చేది యాక్సిలరేటర్ పంపు. ఇంజిన్ ఆపి, థ్రాటిల్ కదపగానే నాజిల్ నుంచి పెట్రోలు చిమ్ముతుందో లేదో చూడండి. కదిలిన తర్వాత కాసేపటికి చిమ్మితే లింకేజీలో వదులు ఉంది. హోలీలో పూర్తి థ్రాటిల్ దగ్గర పంపు లీవరుకు ఇంకా 0.015 అంగుళం కదిలే చోటు మిగలాలి.

బండి దగ్గి, కార్బురేటర్‌లోంచి టప్పుమంటే పెట్రోలు చాలలేదు. నాజిల్ ఒక మెట్టు పెంచండి, 25 ఉంటే 28. మందకొడిగా గొణిగి, నల్ల పొగ వదిలితే ఎక్కువైంది. ఒక మెట్టు దించండి.

వ్యాక్యూమ్ సెకండరీలు మరీ తొందరగా తెరుచుకున్నా మధ్యలో ఇలాంటి కుంగుబాటే వస్తుంది. వాటిని శాసించే స్ప్రింగుల్లో తెల్లది అన్నిటికన్నా మెత్తన, నల్లది అన్నిటికన్నా గట్టిది. తడబాటు పోయేంత గట్టిదాన్ని వేసి, అక్కడినుంచి ఒక్కో మెట్టు మెత్తబరచండి. అవి అసలు తెరుచుకుంటున్నాయో లేదో తెలుసుకోవడానికి డయాఫ్రమ్ కడ్డీకి ఒక పేపర్ క్లిప్పు తొడిగి, పూర్తి థ్రాటిల్‌లో ఒకసారి నడిపి రండి. క్లిప్పు ఎంత కిందికి జరిగిందో అంత మేరా తెరుచుకున్నట్టు.

మెయిన్ జెట్లు

ఇప్పుడు, ఇన్ని దశల తర్వాత, జెట్లు. ప్లగ్గుల రంగు చూసి చెప్పే విద్య గొప్పదే, కాని ఇప్పటి పెట్రోలు ప్లగ్గుల మీద ఆ రంగును స్పష్టంగా వేయదు. ఎగ్జాస్ట్ గొట్టానికి వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ బిగించడం ఈ పనిలో మీరు పెట్టగల అతి విలువైన ఖర్చు. గాలికీ పెట్రోలుకూ ఉన్న నిష్పత్తిని చూపే దాని గేజీ మీద ఐడిల్‌లో 13 నుంచి 14, స్థిర వేగంలో 14 నుంచి 15, పూర్తి థ్రాటిల్‌లో 12.5 నుంచి 12.8 కనిపిస్తే అది ఆరోగ్యమైన రోడ్డు ఇంజిన్. అంకె పెరిగితే గాలి ఎక్కువ, తగ్గితే పెట్రోలు ఎక్కువ.

మొదట స్థిర వేగం. ఖాళీ హైవే మీద ఒకే వేగంతో పోతూ, పక్కన కూర్చున్నవారిని అంకె రాయమనండి. నడిపేవారు గేజీ చూడకూడదు. 15 దాటి, బండి సన్నగా కుదుపుతుంటే ప్రైమరీ జెట్లు రెండు సైజులు పెంచండి. 13 దగ్గరే ఉంటే రెండు సైజులు తగ్గించండి. పూర్తి థ్రాటిల్ పరీక్ష డ్రాగ్ స్ట్రిప్ (రేసుల కోసం వేసిన తిన్నని ట్రాక్) మీదో, డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీదో చేయాలి, ఊరి రోడ్ల మీద వద్దు. అక్కడ 13 దాటితే వెంటనే పెడల్ వదలండి, పిస్టన్లు కరిగే ప్రమాదం ఉంది. ఎడెల్‌బ్రాక్‌లో స్థిర వేగానికి రాడ్ లావు భాగం, లోడుకు సన్న భాగం బాధ్యత వహిస్తాయి కాబట్టి రెండిటినీ విడివిడిగా సర్దవచ్చు.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ఎండ, చలి, ఎత్తు, జెట్ సంఖ్య, గేజీ అంకె, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి.

ఎండలో, కొండ మీద

డాలస్, హ్యూస్టన్ వేసవిలో బండి ఆపి, పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే పట్టించుకోదు. ఇంజిన్ వేడికి గిన్నెలో పెట్రోలు మరిగి గొంతులోకి కారుతుంది, మిశ్రమం మరీ చిక్కబడుతుంది. కార్బురేటర్ కింద వేడిని ఆపే ఫినాలిక్ స్పేసర్ వేయండి, పెట్రోలు పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా జరపండి. అలాంటప్పుడు పెడల్ సగం నొక్కి ఉంచి, మధ్యలో పంప్ చేయకుండా స్టార్ట్ చేస్తే గొంతులో చేరిన పెట్రోలు గాలికి తుడుచుకుపోతుంది. స్పేసర్ వేశాక ఎయిర్ ఫిల్టర్ బానెట్‌కు తగలకుండా చూసుకోండి; మూత మీద చిన్న మట్టి ముద్ద పెట్టి బానెట్ మూసి తెరిస్తే ఎంత చోటు మిగిలిందో తెలుస్తుంది.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, మిశ్రమం చిక్కబడుతుంది. సుమారు 2000 అడుగులకు ఒక జెట్ సైజు తగ్గించడం వాడుకలో ఉన్న లెక్క. హ్యూస్టన్‌లో ట్యూన్ చేసిన బండిని 5280 అడుగుల ఎత్తున్న డెన్వర్‌లో ఉంచుకోబోతుంటే రెండు మూడు సైజులు చిన్న జెట్లు వెంట తీసుకెళ్లండి. నాలుగు రోజుల విహారానికైతే జెట్లు అలాగే ఉంచి, మిక్చర్ స్క్రూలు మాత్రం అక్కడ ఒకసారి సర్దుకుని, తిరిగి వచ్చాక నోటుపుస్తకం చూసి పాత చోటికి తెచ్చుకోవచ్చు.